ఈశాన్యంలో చెత్తబుట్ట

పరిటాల ఆంజనేయుడి నిలువెత్తు విగ్రహం నీడ హైవే దాటి అవతలి పత్తిచేల మీద పడుతున్న వేళ, ఏజెంట్ తిరుపతిరావు టీ గ్లాసు కింద పెట్టి స్కూటర్ స్టార్ట్ చేశాడు. రోడ్డెక్కాడో లేదో, అంతసేపూ పెట్రోల్ బంకు పక్కన ఇంజను ఆపకుండా కాచుకున్న టిప్పర్ ఒకటి కదిలింది. హారన్ లేదు. బ్రేకు లేదు. చూసినవాళ్ళు యాక్సిడెంటన్నారు, పోలీసులు అదే రాసుకున్నారు. టిప్పర్ ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోవడం కళ్ళారా చూసిన టీ కొట్టువాడు మాత్రం నోరు విప్పలేదు. వాడికి పెళ్ళాంబిడ్డలున్నారు.

తిరుపతిరావు చొక్కా లోపలి జేబులో ఒక ఫ్లాపీ దొరికింది. మూల విరిగింది గానీ లోపలి సరుకు చెక్కు చెదరలేదు.

మర్నాడు హైదరాబాదులో, బయట ఎరువుల నాణ్యతా పరిశీలన కార్యాలయం అని బోర్డు ఉన్న ఒక మేడ మీద, సీక్రెట్ సర్వీస్ సౌత్ డెస్క్ చీఫ్ జగన్నాథరావు ఆ ఫ్లాపీని ఏజెంట్ భవానీప్రసాద్ ముందుకు విసిరాడు. అందించలేదు, విసిరాడు. ఆయనకు మనుషులంటే గిట్టదు. ఏజెంట్లంటే అసలే గిట్టదు.

"ఓపెన్ చెయ్."

భవానీప్రసాద్ ఫ్లాపీని కంప్యూటర్లో పెట్టాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క ఫైలు.

"షార్ట్‌కట్ సార్."

"అంటే?"

"సరుకు కాదు సార్, సరుకెక్కడుందో చెప్పే చీటీ. అసలు ప్రోగ్రాం కంప్యూటర్లో ఎక్కడో లోపలి గదిలో ఉంటది. పని పడ్డప్పుడల్లా అంతదూరం పోలేక, డెస్క్‌టాప్ మీద ఒక బొమ్మ పెట్టుకుంటాం. నొక్కితే తిన్నగా అక్కడికే తీసుకుపోతది. ఇది అలాంటి బొమ్మకి కాపీ. ఏ కంప్యూటర్లో పుట్టిందో ఆ పేరు కూడా ఇందులోనే ఉంది. కుటుంబరావు, పేట."

"పేటంటే జగ్గయ్యపేట. కుటుంబరావు సిమెంటు హోల్‌సేల్ డీలరు. ఎంక్వైరీ చేయించా, ముసలాడికి ఏ పాపం తెలీదు. వాడి కంప్యూటర్ని జీరో సర్కిల్ వాడుకుంటోంది."

జీరో సర్కిల్ విదేశీ ముఠా. ఏ దేశం పురమాయిస్తే ఆ దేశం తరఫున మనుషుల్ని లేపేయడం వాళ్ళ వ్యాపారం. చీఫ్ కళ్ళజోడు తీసి, భవానీప్రసాద్‌ను తినేసేలా చూశాడు.

"రేపు సాయంత్రం సైంటిస్టు వీరరాఘవయ్య గారు ఆ హైవే మీద బందరు పోతున్నారు. శత్రువుల రాడార్ కళ్ళు మూయించే విద్య ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. కాగితం మీద పెట్టరు. విమానం ఎక్కరు. మామూలు జీపులో పంపుదాం, ఎవడూ అనుమానించడని సలహా ఇచ్చిన మహానుభావుడెవరో గుర్తుందా?"

"నేనే సార్."

"ఆయనకేమైనా అయితే నీ ఉద్యోగం పోదు ప్రసాద్. ఉంచుతా. రోజూ నా ఎదురుగా కూర్చోబెట్టుకుంటా."

భవానీప్రసాద్‌కు అంతకంటే టిప్పరే నయం అనిపించింది. "ప్రయాణం ఆపేద్దాం సార్," అన్నాడు.

"ఆపితే వాళ్ళు ఇంకోచోట కాచుకుంటారు. ఎక్కడో మనకి తెలిసి చావదు. ఇక్కడైతే కనీసం ఒక బొమ్మ దొరికింది. అది నొక్కితే ఏమవుద్దో, నొక్కేదెవరో కనుక్కో. కబురు రాగానే జీపు ఆపుతా. కబురు మాత్రం నందిగామలో మన కాంటాక్టు ఉషశ్రీ చేతే రావాలి. ఆమె దగ్గర సీక్రెట్ లైనుంది. తిరుపతిరావు ఎస్టీడీ బూతు నుంచి చేశాడు, ఏమైందో చూశావుగా."

తిరుపతిరావు భవానీప్రసాద్‌కు ఒట్టి సహోద్యోగి కాదు. సర్వీసులో చేరిన కొత్తలో తనకు పిస్టల్ పట్టడం నేర్పినవాడు. ఆ మనిషి పోయి ఒక్క రోజైనా కాలేదు, చీఫ్ అప్పుడే ఉదాహరణగా వాడేసుకుంటున్నాడు.

"కవర్ ఏంటి సార్? కంప్యూటర్ ఇంజనీరా?"

"ఇంజనీర్లని గుమ్మంలోంచే తరుముతాడు ముసలాడు. వాస్తు సిద్ధాంతులకైతే కాళ్ళు కడుగుతాడు." చీఫ్ ఒక గుడ్డసంచీ తన్నాడు. అందులో పట్టుపంచె, విభూతి పొట్లం, వాస్తు మీద ఒక పుస్తకం, గుండ్రటి ఇత్తడి దిక్సూచి ఉన్నాయి. "దిక్సూచి మామూలుది కాదు. బ్యాటరీ ఉంది. చుట్టుపక్కల దొంగ ట్రాన్స్‌మిటర్ ఉంటే ముల్లు వణుకుద్ది. పో."

తెల్లవారుజామున ఎక్కిన బస్సులో భవానీప్రసాద్ వాస్తు పుస్తకం బట్టీ పట్టాడు. సింహద్వారం, వంటిల్లు, పడకగది దాకా బాగానే సాగింది. సూర్యాపేట దగ్గర కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి బస్సు పాలేరు దాటి చిల్లకల్లులో ఆగి ఉంది. చివరి అధ్యాయాలు అలాగే ఉండిపోయాయి.

కుటుంబరావు కొట్లో మనుషుల మీద కూడా సిమెంటు దుమ్ము పేరుకుని ఉంది. కంప్యూటర్ మీద మాత్రం లేదు. దానికి ఎర్ర శాటిన్ ముసుగు, నుదుట కుంకం బొట్టు, మూల ఒక అగరొత్తి. కుటుంబరావు పొట్టిగా, ఎర్రగా, చిన్నమాటకే భగ్గుమనేలా ఉన్నాడు. అయితే సిద్ధాంతిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"దయచేయండి సిద్ధాంతిగారూ. ఏ ఊరండీ మీది?"

"చెవిటికల్లు."

"కృష్ణ ఒడ్డు. మంచిదండి. ఈ పెట్టె కొట్లోకొచ్చిన కాణ్ణుంచీ నాకు మనశ్శాంతి లేదండి. ఇంజనీరు ముండాకొడుకులు ఎక్కడివక్కడ పడేసి పోతారు. నేనే కూర్చుని సర్దుకున్నా. చూడండి." ముసుగు తీసి, ఉంగరాల వేలితో తెరమీద చూపించాడు. "పైన ఉత్తరం, కుడిపక్క తూర్పు. అవునాండీ? యజమాని నైరుతిలో ఉండాలి. కింద ఎడమమూల స్టార్టు బటనుంది. కుదిరింది. ఆగ్నేయంలో కరెంటు సామాను ఉండాలి. కింద కుడిమూల మోడెం బొమ్మ, గడియారం. అదీ కుదిరింది. ఇది తయారుచేసిన తెల్లోడికి ఎవరో చెప్పే ఉంటారండి. ఈశాన్యం ఖాళీగా ఉంచి, శ్రీ అని రాసిన ఫైలొకటి పెట్టా."

భవానీప్రసాద్ గంభీరంగా తలూపి, కళ్ళు మూసుకుని, ఏదో గొణిగి, మౌస్ పట్టుకున్నాడు. తెర మీద కొట్టు తాలూకు కొటేషన్ ఒకటి వర్డ్‌లో తెరిచి ఉంది. పైన టూల్‌బార్ చూసి అతని చెయ్యి ఆగింది. అందరికీ మొదట ఉండే బటన్లు ఇక్కడ మొదట లేవు. చేసిన తప్పు వెనక్కి తీసుకునే అన్‌డూ బటన్ని ఎవరో లాక్కొచ్చి ఎడమ చివర పెట్టారు. సేవ్ బటన్ని కుడి చివరికి నెట్టేశారు. కట్, పేస్ట్ బటన్లు పీకేశారు. కీబోర్డు మీదే అన్నీ చేసే చెయ్యి ఇది. కుటుంబరావుది కాదు.

కొటేషన్ కిందికి దించి డెస్క్‌టాప్ చూశాడు. ఎడమ వరసలో రెండు చెత్తబుట్టలు ఉన్నాయి.

ఏ కంప్యూటర్‌కైనా రీసైకిల్ బిన్ ఒకటే ఉంటుంది. కళ్ళు చిట్లించి చూస్తే రెండో బుట్ట అడుగున చీమంత బాణం గుర్తు కనిపించింది. బాణం ఉందంటే అది బుట్ట కాదు, బుట్ట వేషం వేసిన షార్ట్‌కట్. చెత్తబుట్టను తెరిచి చూడాలని ఎవడికి బుద్ధి పుడుతుంది? వేషం కట్టినవాడు మామూలువాడు కాదు.

"మంత్రం చదవాలి. రెండడుగులు వెనక్కుండండి," అన్నాడు భవానీప్రసాద్.

కుటుంబరావు వెనక్కి జరిగాడు. భవానీప్రసాద్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచాడు. లోపల ఉన్నది ఒక డయలర్. మోడెం చేత ఒక సెల్ నంబరుకు ఫోన్ చేయించి, అవతల ఎత్తగానే పాస్‌వర్డ్ కూత పెట్టిస్తుంది. అలాంటి సెల్ ఎక్కడ అమరుస్తారో ట్రైనింగులో చూపించారు. బాంబుకి. ఈ కొట్టు నంబరు నుంచి వచ్చే కాల్‌కి, ఈ కూతకి తప్ప దేనికీ పలకదు. రాంగ్ నంబరు వచ్చి ముందే పేలిపోకుండా జాగ్రత్త.

దానికింద షార్ట్‌కట్ కీ అన్న గడిలో కంట్రోల్, ఆల్ట్, వి అని ఉంది. మౌస్ కూడా అక్కర్లేదు. ఏ పని చేసుకుంటున్నా సరే, మూడు మీటలు కలిపి నొక్కితే చాలు. వి అంటే ఎవరో అతనికి వేరే చెప్పక్కర్లేదు.

చెరిపేయడానికి ఎంతోసేపు పట్టదు. కానీ చెరిపితే ముఠాకి తెలిసిపోతుంది. చీఫ్‌కు కబురు పంపి జీపు ఆపించి, నొక్కడానికి వచ్చే చేతిని పట్టుకోవాలి. ముందు ఇక్కణ్ణుంచి మర్యాదగా బయటపడాలి. సిద్ధాంతి వచ్చి ఏదీ మార్చకుండా పోతే అనుమానం వస్తుంది కాబట్టి ఏదో ఒకటి జరపాలి.

"ఎడమపక్క బరువెక్కువైంది. ఇది ఇక్కడ ఉంచండి, కలిసొస్తుంది," అంటూ ఆ దొంగబుట్టనే లాగి, శ్రీ తప్ప ఏమీ లేని పై కుడిమూలలో వదిలాడు.

కుటుంబరావు మొహం మిరపపండయింది.

"ఏంది? ఈశాన్యంలో చెత్తబుట్టా?"

భవానీప్రసాద్‌కు సూర్యాపేట కునుకు గుర్తొచ్చింది.

"దేవుడి మూలలో చెత్తబుట్ట పెడతావా? నువ్వేం సిద్ధాంతివయ్యా? చెవిటికల్లులో చంటిపిల్లాణ్ణడిగినా చెబుతాడే! నా కొంప తీయడానికి ఎవడు పంపాడు నిన్ను? లే! లేవయ్యా ముందు!" కుటుంబరావు చేతికందిన సాంబ్రాణి కడ్డీల కట్ట విసిరాడు. తర్వాత పంచాంగం విసిరాడు. చంకలో సంచీ, చేతిలో దిక్సూచి, జారిపోతున్న పంచెతో సీక్రెట్ సర్వీస్ సీనియర్ ఏజెంట్ మెయిన్ రోడ్డు మీద పడ్డాడు. విదేశాల్లో తుపాకులకు ఎదురెళ్ళినప్పుడు కూడా అంత వేగంగా వెనక్కి తగ్గలేదు.

నందిగామ బస్టాండుకి ఎదురుగా మేడ మీద ఉషశ్రీ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. మధ్యాహ్నం బ్యాచి వెళ్ళిపోయి గది ఖాళీగా ఉంది. నీలం చీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, ఎవర్నీ లెక్కచేయని చూపు. ఈ ఊళ్ళో ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో సగంమందికి కంప్యూటర్ అక్కర్లేదని చూడగానే తెలుస్తుంది.

"పాకం ముదిరిందా?" అన్నాడు భవానీప్రసాద్. అది కోడ్.

"ఇంకా తీగపాకమే," అని బదులిచ్చి, అతని పంచెను ఎగాదిగా చూసింది. "ఏంటీ అవతారం? భిక్షకొచ్చారా?"

"వెటకారం తర్వాత. చీఫ్‌కి లైను కలుపు. బాంబుంది, హైవే మీద. కుటుంబరావు కంప్యూటర్ నుంచి పేలుస్తారు. రెండో చెత్తబుట్ట బొమ్మ, కంట్రోల్ ఆల్ట్ వి. జీపు ఎక్కడుంటే అక్కడ ఆపమను."

ఆమె కనుబొమ్మ కదల్లేదు. లోపలి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చి, "చెప్పా. ఆపేస్తామన్నారు. కూర్చోండి, మంచినీళ్ళు తాగండి," అంది.

భవానీప్రసాద్ గుండె కుదుటపడింది. నీళ్ళు తాగుతూ ఆమె టేబుల్ మీద కంప్యూటర్ వైపు ఊరికే చూశాడు. ఎవరికో పరీక్ష పేపరు టైపు చేస్తున్నట్టుంది, వర్డ్ తెరిచి ఉంది. పైన టూల్‌బార్.

అన్‌డూ ఎడమ చివర. సేవ్ కుడి చివర. కట్ లేదు. పేస్ట్ లేదు.

ఒక ఇంటి వంటింట్లో డబ్బాల వరస ఇంకో ఇంట్లో ఉండదు. ఉప్పుడబ్బా ఎక్కడ ఉందో చూసి ఆ పొయ్యి ఎవరిదో చెప్పొచ్చు. చేతిరాత మార్చుకోవచ్చు, వేషం మార్చుకోవచ్చు, చేతి అలవాటు మార్చుకోవడం ఎవడి తరమూ కాదు. గ్లాసు కింద పెడుతూ భవానీప్రసాద్ ఒళ్ళోని దిక్సూచి వైపు చూశాడు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ముల్లు మాత్రం ఉత్తరాన్ని వదిలేసి, ఆమె కుడిచేతి వైపు తిరిగి ఉంది. హైటెక్ యంత్రంగా పనికిరానిది మామూలు దిక్సూచిగా పనికొచ్చింది. ఇనుము ఎక్కడుంటే అక్కడికే పోయింది.

"మీరు అనవసరంగా తెరవంక చూశారు," అంది ఉషశ్రీ. ఆమె చేతిలో పిస్టల్, నల్లగా, చిన్నగా.

"నువ్వా?"

"నేనే."

"తిరుపతిరావు నీ చేతి అన్నం తిన్నాడు ఉషా."

"తిని, నా ఫ్లాపీ ఎత్తుకుపోయాడు. ఆరేళ్ళండీ! ఆరేళ్ళుగా మీ సర్వీసు కోసం ఈ మేడ మీద కూర్చుని, వచ్చినవాడికల్లా ఫైలెలా తెరవాలో, ఎలా మూయాలో నేర్పించా. ట్రాన్స్‌ఫర్ అడిగితే మీ చీఫ్ ఏమన్నాడో తెలుసా? ఆడపిల్లవి, నందిగామ సేఫ్ అన్నాడు. వాళ్ళు పారిస్ ఇస్తామన్నారు. ఎవరు అడిగినా ఇదే చేస్తారు."

"అందరూ చేయరు. అతను చేయలేదు."

"అందుకే పోయాడు. లేవండి. పేట పోదాం."

"ఇక్కడే కాల్చెయ్యొచ్చుగా?"

"కాలిస్తే మీరొక్కరే పోతారు. అక్కడైతే మీరే హంతకుడవుతారు." ఆమె మొదటిసారి నవ్వింది. "దారి చెప్పింది మీరు. దొంగ సిద్ధాంతిగా ఆ కంప్యూటర్ ముందు కూర్చుంది మీరు. మౌస్ నిండా మీ వేలిముద్రలే. నొక్కి, మిమ్మల్ని కాల్చి, డబల్ ఏజెంటుని పట్టుకున్నానని చీఫ్‌కి నేనే ఫోన్ చేస్తా. మెడల్ వేస్తారు నాకు."

మారుతీ కారు అతని చేతే నడిపించింది. పక్కన కూర్చుని, పైట చాటు నుంచి పిస్టల్ అతని పక్కటెముకలకు ఆనించి పెట్టింది. ఎదురుగా విజయవాడ వైపు జీపులు ఎన్నో పోతున్నాయి. ప్రతి జీపులోనూ భవానీప్రసాద్‌కు తలపాగా చుట్టుకున్న ముసలాయన వీరరాఘవయ్యే కనిపించాడు. ఆయన్ని నమ్మించి జీపెక్కించింది తనే. మీ మాట మీద భరోసా నాయనా అన్నాడాయన. ఆ మాట ఇప్పుడు పిస్టల్ కంటే గట్టిగా గుచ్చుకుంటోంది.

కుటుంబరావు వాళ్ళను చూడగానే గల్లాపెట్టె దగ్గర నుంచి లేచాడు.

"మళ్ళీ వచ్చాడా ఈ దౌర్భాగ్యుడు?"

"బాబాయిగారూ, తప్పయిందని చెప్పుకోడానికొచ్చారండి పాపం. నేనే తీసుకొచ్చా. కొటేషన్ పూర్తిచేసి పోతా, మీరు కూర్చోండి," అంది ఉషశ్రీ, తేనె ఒలకబోస్తూ. ఆ కొట్టు కొటేషన్లు టైపు చేసి పెట్టేది ఆమే.

"క్షమాపణ చెప్పి ఆ మూల నిలబడమను. దేన్నీ ముట్టుకోవద్దను."

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. భవానీప్రసాద్‌ను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. పైట కింద ఎడమచెయ్యి, అందులో పిస్టల్. తెరనిండా కొటేషన్ తెరిచి ఉంది. ఆమె దాన్ని కిందికి దించలేదు. డెస్క్‌టాప్ చూడాల్సిన పనే లేదు. షార్ట్‌కట్ కీ సుఖం అదే మరి.

కుడిచేత్తో సిమెంటు బస్తాల ధర ఒకటి టైపు చేసింది. రెండోది టైపు చేసింది. టేబుల్ మీద ఆమె సెల్ మోగింది. స్పీకర్ ఆన్ చేసింది.

"మేడం, కీసరలో ఉన్నా. జీపు కనపడుతోంది," అంది ఒక మగగొంతు. పరిటాలలో టిప్పర్ నడిపింది వాడే అయ్యుంటాడు.

కీసర దగ్గర మున్నేటి వంతెన. బాంబు అక్కడ!

"వంతెన ఎక్కగానే చెప్పు," అంది ఉషశ్రీ.

"ఎవరితో అమ్మాయ్ మాటలు? పనిచూడు," అని కసిరాడు కుటుంబరావు.

"ఎక్కుతోంది మేడం... ఎక్కింది!"

మూడు మీటలు నొక్కాలంటే రెండు చేతులూ కావాలి. ఉషశ్రీ పిస్టల్ని ఒళ్ళోకి జార్చి, ఎడమచేత్తో కంట్రోల్, ఆల్ట్ పట్టి, కుడిచేత్తో వి నొక్కింది. భవానీప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు.

మోడెం కూయలేదు.

మళ్ళీ నొక్కింది. కొటేషన్ కదలకుండా అలాగే ఉంది. మూడోసారి గట్టిగా నొక్కింది. ఏమీ లేదు. తిట్టుకుంటూ కొటేషన్ కిందికి దించింది. డెస్క్‌టాప్ మీద ఉన్నది ఒకటే చెత్తబుట్ట. ఈశాన్యంలో శ్రీ తప్ప మరేమీ లేదు.

"ఇక్కడ రెండోది ఉండాలే! ఏం చేశారు బాబాయిగారూ?"

"అదా!" కుటుంబరావు ఛాతీ విరుచుకున్నాడు. "ఈ వెధవ దేవుడి మూలలో పెట్టిపోయాడుగా. ఒక కొట్టుకి రెండు చెత్తబుట్టలెందుకమ్మాయ్? దాన్ని తీసి ఇంకోదాంట్లో పడేసా. పడేసి సాంబ్రాణి వేసా."

డెస్క్‌టాప్ మీద బొమ్మ ఉన్నంతకాలమే ఆ మీటలకు ప్రాణం. చెత్తలో పడ్డ షార్ట్‌కట్‌ని ఎన్ని మీటలు నొక్కినా లేపలేరు. ఉషశ్రీకి అది వేరే చెప్పక్కర్లేదు. మెరుపులా చెత్తబుట్ట తెరిచింది, బొమ్మ పట్టుకుంది, రిస్టోర్ నొక్కింది. రెండో బుట్ట తిరిగి డెస్క్‌టాప్ మీద, అదే పై కుడిమూలకొచ్చింది. ఇక డబుల్ క్లిక్ చేయడమే మిగిలింది.

"మేడం, సగం దాటింది!"

పిస్టల్ ఆమె ఒళ్ళోనే ఉంది. భవానీప్రసాద్ కదిలితే ముందు అది అతనివైపు తిరుగుతుంది. చేతులకు పని లేదు, నోటికి ఉంది. జీవితంలో అన్ని భాషల్లో అన్ని అబద్ధాలాడినవాడు, ఆ క్షణాన పచ్చి నిజం అరిచాడు.

"కుటుంబరావుగారూ! ఆవిడ చెత్తబుట్టని మళ్ళీ బయటికి తీసింది! ఈశాన్యంలో పెడుతోంది!"

కుటుంబరావు కొట్టు ఆ చివర నుంచి ఈ చివరికి ఎలా వచ్చాడో ఎవరికీ తెలియదు. "ఓసి నీ!" అంటూ ఆమె చేతికింద నుంచి మౌస్‌ని ఒక్క గుంజు గుంజాడు. అది తోకతో సహా ఊడి అతని చేతిలోకి వచ్చింది.

బొమ్మ తిరిగొచ్చిందంటే మీటలకూ ప్రాణం వచ్చినట్టే. ఉషశ్రీ ఆ సంగతి మరిచిపోలేదు. ఎడమచెయ్యి కంట్రోల్ మీద, ఆల్ట్ మీద పడింది. కుడిచెయ్యి వి వైపు వెళ్ళింది. రెండు చేతులూ కీబోర్డు మీద ఉన్నాయి, పిస్టల్ ఒంటరిగా ఒళ్ళో ఉంది. భవానీప్రసాద్ ఇత్తడి దిక్సూచి ఎత్తి, ఆ కుడి మణికట్టు మీద బలం కొద్దీ దించాడు.

ఎముక చప్పుడైంది. ఆమె కేకతోపాటు కీబోర్డు నేలమీద పడింది. పిస్టల్ అందుకోబోయిన రెండో చేతిని కుటుంబరావు మౌస్ తోకతో ఒకటి వేశాడు. ఆయన దాన్ని పిస్టల్ అనుకోలేదు, ఇంకేదో దరిద్రప్పనికి చెయ్యి చాస్తోందనుకున్నాడు. ఆలోగా పిస్టల్ భవానీప్రసాద్ చేతికొచ్చింది.

టేబుల్ మీద సెల్ ఇంకా మాట్లాడుతోంది. "మేడం? వంతెన దాటిపోయింది మేడం. కంచికచర్ల వైపు పోతోంది. మేడం... ఏమైంది మేడం?"

భవానీప్రసాద్ సెల్ తీసుకున్నాడు. "అక్కడే ఉండరా. నీ కోసమే వస్తున్నారు. పరిటాల లెక్కొకటి తేల్చాలి," అని చెప్పి పెట్టేశాడు.

చీకటి పడేసరికి వంతెన కింద నుంచి పోలీసులు బాంబు తీశారు. సిమెంటు బస్తాల్లో కుక్కి, స్తంభానికి ఆనించి కట్టారు. నది అవతలికి పారిపోబోయిన టిప్పర్ డ్రైవరు మోకాలి లోతు బురదలో దొరికాడు. వీరరాఘవయ్య గారు నందిగామ నుంచి ఇబ్రహీంపట్నం దాకా నిద్రపోయారట. లేచి, రోడ్డు బాగాలేదని మాత్రం అన్నారట. ఆ మాట విన్నాక భవానీప్రసాద్ కొట్టు మెట్ల మీద కూలబడి, చాలాసేపు లేవలేదు.

బేడీలతో జీపెక్కుతూ ఉషశ్రీ అతని మొహం చూడలేదు. కుటుంబరావు వైపు మాత్రం కొరకొరా చూసింది. "ప్లానంతా నేనేసా. బుట్ట ఏ మూలనుందో చూసి చెడగొట్టింది ఈ ముసలాడు," అంది, పళ్ళు నూరుతూ.

"నీకిప్పుడైనా తెలిసొచ్చిందా మూల సంగతి?" అన్నాడు కుటుంబరావు. తర్వాత భవానీప్రసాద్ వైపు తిరిగాడు. "నువ్వు గూఢచారివైతే నాకేం? సిద్ధాంతివి కాదని పొద్దున్నే పట్టా. మళ్ళీ నా గుమ్మం తొక్కావో, మౌస్ కాదు, కాలు విరుగుద్ది."

తిరుగు ప్రయాణానికి ముందు భవానీప్రసాద్ పరిటాల దాకా వెళ్ళాడు. టీ కొట్టు దగ్గర రెండు టీలు చెప్పాడు. ఒకటి తాగి, ఒకటి బల్ల మీదే వదిలేశాడు. కొట్టువాడు ఆ గ్లాసు తీయలేదు. బల్ల దగ్గరికొచ్చి, "టిప్పర్ వెనక్కొచ్చిందండి. నేను చూశా. ఎక్కడ చెప్పమన్నా చెబుతా," అన్నాడు.

హైదరాబాదులో చీఫ్ రిపోర్టు చదివాడు. రెండుసార్లు చదివాడు. మొహం మాడిపోయింది.

"కుట్ర ఎలా భగ్నమైంది అన్న దగ్గర వాస్తు అని రాశావు. ఢిల్లీకి ఇది పంపమంటావా?"

"జరిగింది అదే సార్."

"అవుట్! ఇంకొక్క క్షణం నా ఎదురుగా ఉన్నావంటే నిన్ను నందిగామకి పోస్టు చేస్తా. ఇన్‌స్టిట్యూటు ఖాళీగానే ఉంది."

భవానీప్రసాద్ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, చీఫ్ కంప్యూటర్ తెరవైపు చూశాడు. పై కుడిమూలలో చెత్తబుట్ట ఠీవిగా కూర్చుని ఉంది. వెనక్కి వచ్చి, అడక్కుండా మౌస్ పట్టుకుని, ఆ బుట్టను ఎడమవైపుకి లాగి వదిలాడు.

"ఏం చేస్తున్నావ్?" గర్జించాడు జగన్నాథరావు.

"సెక్యూరిటీ అప్‌డేట్ సార్."